పేరు చెక్కిన జారుడు మూత పెట్టె: 40 పెట్టెల పని డైరీ

వస్తువు: గట్టి చెక్కతో చేత్తో చేసిన చిన్న పెట్టె, జారుడు మూత మీద లేజర్‌తో చెక్కిన పేరు.

బయటి కొలత 200 × 100 × 60 మి.మీ. గోడలు 10 మి.మీ. మందం, అడుగు 3 మి.మీ. ప్లైవుడ్. మూత గాడి వెడల్పు 6, లోతు 4. మూత మందం 5.6. యంత్రం 10 వాట్ల కాంతి శక్తి ఉన్న నీలి డయోడ్ లేజర్ (సుమారు 450 నానోమీటర్లు), బల్ల 400 × 400. అట్టపెట్టె మీద కొట్టొచ్చినట్టు రాసే 40, 80 వాట్లు చాలాసార్లు యంత్రం లాగే కరెంటు లెక్క. కొనేటప్పుడు అడగాల్సింది కాంతి శక్తి ఎంతని.

ఇందులో డబ్బు అంకెలు లేవు. కలప రేటు, కూలి ఎక్కడికక్కడ మారతాయి. అందుకని కొలమానం ఒక్కటే పెట్టాం: అమ్మదగిన ఒక్కో పెట్టెకు ఎన్ని చేతి నిమిషాలు పట్టాయి. యంత్రం నడిచే నిమిషాలు ఇందులోకి రావు. మంట భయం ఉంది కాబట్టి మనిషి పక్కనే ఉండి తీరాలి, అయితే ఆ చేతులు ఇంకో పెట్టెకు జిగురు పెట్టుకోవచ్చు.

దశ 1: పరీక్ష పలక

అడ్డంగా శక్తి 10 నుంచి 100 శాతం, నిలువుగా వేగం నిమిషానికి 1000 నుంచి 6000 మి.మీ., ఒక్కో గడి 8 మి.మీ. మొదటి పలకలో 10, 20 శాతం గళ్ళలో తేడా తెలిసింది. 30 నుంచి 100 దాకా ఎనిమిది గళ్ళూ ఒకటే నలుపు. చెక్క మార్చి చూసినా అదే వరస.

తప్పు సెట్టింగులో ఉంది. లేజర్‌ను నడిపే లైట్‌బర్న్ సాఫ్ట్‌వేర్‌లో గరిష్ఠ ఎస్ విలువ (నిండు శక్తికి పెట్టిన అంకె) 1000, యంత్రం లోపలి జీఆర్‌బీఎల్ ప్రోగ్రామ్‌లో అదే అంకె, అంటే $30 విలువ, 255. 25.5 శాతం దాటి ఎంత అడిగినా యంత్రం నిండు శక్తే ఇస్తోంది. 10 శాతం అనుకున్న గడిలో పడ్డది నిజానికి 39 శాతం. ఇదే తిరగబడి, సాఫ్ట్‌వేర్‌లో 255, యంత్రంలో 1000 ఉంటే 100 అడిగినా పావు వంతే వస్తుంది. లేజర్ చచ్చుబడిందని అమ్మినవాళ్ళతో పోట్లాడేది ఎక్కువగా ఈ కేసులోనే.

1. లైట్‌బర్న్ కన్సోల్‌లో (ఆదేశాలు టైపు చేసే చోట) $$ కొట్టి $30, $32 విలువలు చూసుకోవాలి.
2. $30 ఎంతుంటే సాఫ్ట్‌వేర్‌లోనూ గరిష్ఠ ఎస్ విలువ అంతే పెట్టాలి.
3. $32 విలువ 1 ఉండాలి. 0 ఉంటే లేజర్ మోడ్ లేనట్టు. మలుపుల్లో తల నెమ్మదించినా శక్తి తగ్గదు, అక్షరాల మూలలు మాడతాయి.
4. ఫోకస్ సరిచేసి పరీక్ష పలక మళ్ళీ వేయాలి. పాత పలక పారేయకుండా తేదీ రాసి ఉంచాలి.

కలప ఎంపిక కూడా ఇక్కడే తేలింది. పైన్ మీద మెత్తటి నార లోతుగా కాలి, గట్టి నార మిట్టగా నిలబడింది. అక్షరం రేకు మీద రాసినట్టు గతుకులు. ఓక్‌లో రంధ్రాల వరసలు సన్న గీతను తెంపేశాయి. వాల్‌నట్ ముదురు రంగు, పేరు రెండడుగుల దూరం నుంచి కనబడదు. మేపుల్, బీచ్ నిలిచాయి. మేపుల్‌కు ఖాయం చేసిన అంకెలు: వేగం 3000, శక్తి 55 శాతం, గీతల ఎడం 0.12 మి.మీ. ఇంకో యంత్రానికి ఇవి మొదలుపెట్టడానికే పనికొస్తాయి. పలక మాత్రం ఎవరిది వాళ్ళు వేసుకోవాల్సిందే.

గీతలు ఎటు నడవాలన్నదానికి చిన్న లెక్క. పేరు చోటు 110 × 30 మి.మీ. గీతలు పొడుగు వారగా వేస్తే 250, మొత్తం దూరం 27.5 మీటర్లు, సుమారు 9 నిమిషాలు. నిలువుగా వేసినా దూరం అంతే, కానీ గీతలు 900 దాటతాయి. ప్రతి గీత చివర తల ఆగి వెనక్కి తిరగాలి. ఆ ఆగడాలే రెండు నిమిషాలు తింటాయి. కాబట్టి పొడుగు వారగానే.

లేజర్ కళ్ళజోడు మీద తరంగదైర్ఘ్యం, ఓడీ అంకె (ఎంత కాంతిని ఆపుతుందో చెప్పేది) అచ్చయి లేకపోతే అది రంగుటద్దమే, వాడొద్దు. పొగ గొట్టం గది బయటికి పోవాలి. తోలులా కనిపించే ముక్క పీవీసీ అయితే లేజర్ కింద పెట్టనే కూడదు: హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది, యంత్రం పట్టాల్ని తుప్పు పట్టిస్తుంది.

దశ 2: తెలుగు అక్షరాలు

లేజర్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా టైపు చేస్తే ఒత్తులు విడిపోవచ్చు. లక్ష్మి కాస్తా "లక్‌ష్‌మి" అవుతుంది. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో టైపు చేసి, అక్షరాల్ని పాత్‌గా (ఉత్త గీతలుగా) మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా తెచ్చుకుంటే ఆ తిప్పలు పోయాయి. ఇంకోటి వచ్చింది.

మొదటి "లక్ష్మి"లో మూడు చోట్ల తెల్లటి మచ్చలు. గుడి అక్షరం మీద పడే చోట, ఒత్తు తాకే చోట రెండు ఆకారాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. నింపుడు పనిలో రెండు ఆకారాలు కప్పుకున్న చోటును సాఫ్ట్‌వేర్ రంధ్రంగా లెక్కేసి వదిలేస్తుంది. పాత్‌గా మార్చాక యూనియన్ కొట్టి అన్నిటినీ ఒకే బయటి గీతగా కలపాలి. తెర మీద నిండుగా కనబడుతుంది కాబట్టి ఈ తప్పు చెక్క మీదే బయటపడుతుంది. ప్రివ్యూ తెరిచి, ప్రతి ఒత్తు దగ్గరా పెద్దది చేసి చూడటం ఒక్కటే దారి.

ఇక సైజు. 5 మి.మీ. ఎత్తులో "నాథ్" వేస్తే థ లోపలి చుక్క చుట్టుగీతకు అంటుకుని నల్లముద్ద అయింది. శక్తి తగ్గిస్తే చుక్క మాయమై ధ అని చదివించింది. లేజర్ గీతకు రెండు పక్కలా 0.1 మి.మీ. దాకా చెక్క కమురుతుంది, సన్న ఖాళీల్ని మింగేది అదే. మా హద్దులు: గీత కనీసం 0.5 మి.మీ., ఖాళీ కనీసం 0.6, ఒత్తుల్ని లెక్కలోకి తీసుకోకుండా అక్షరం ఎత్తు 9 మి.మీ.కి తక్కువ కాకుండా. పొడుగు పేర్లకు అక్షరాలు కుదించడం కంటే రెండు వరసలు చేయడం నయం.

దశ 3: మొదటి విడత, 10 పెట్టెలు

లేజర్ పని బాగానే సాగింది. దెబ్బ వడ్రంగం దగ్గర తగిలింది.

గాడి అంచు నుంచి గాడి అంచుకు లోపలి దూరం 88 మి.మీ. మూత 87.6 వెడల్పు చేసి, బిర్రుగా అందంగా జారుతోందని పక్కన పెట్టాం. మూడు వారాలకు గాలిలో తేమ పెరిగింది. మూడు మూతలు బిగుసుకుపోయాయి. లాగితే పలచటి అంచు దగ్గర పెచ్చు లేచింది, మూడూ పోయాయి.

చెక్క పొడవునా పెద్దగా కదలదు, అడ్డంగా ఉబ్బుతుంది. మోటు లెక్కకు, పలకలో తేమ ఒక శాతం పెరిగితే వెడల్పు సుమారు 0.25 శాతం పెరుగుతుంది. 88 మి.మీ. మూతకు తేమ 8 నుంచి 12 శాతానికి పోతే 88 × 4 × 0.0025, అంటే 0.88 మి.మీ. మనం వదిలింది 0.4. బిగుసుకోక ఏమవుతుంది?

మార్పు: మూత కోసే రోజు తేమ మీటరు పెట్టి చూడటం. 8 శాతం ఉంటే వెడల్పులో మొత్తం 1.2 మి.మీ. ఖాళీ, 12 ఉంటే 0.5 చాలు. గాడి లోతు 4 ఉంది కాబట్టి 1.2 ఖాళీ ఉన్నా మూత ఊడిపడదు, కొంచెం అటూ ఇటూ ఆడుతుంది. ఆ ఆట కొనేవాళ్ళకు నచ్చకపోతే మందంలో సరిచేయాలి, వెడల్పులో చేయకూడదు. మందం పెద్దగా మారదు.

వంపు వేరే సమస్య. ఒక వైపే ఎక్కువ చిత్రిక పట్టిన మూతలు మర్నాటికి దోనెలా వంగాయి, అంచుల దగ్గర 1 మి.మీ. దాకా. దాంతో మధ్య అక్షరాలు పదునుగా, చివరి అక్షరాలు మసకగా వచ్చాయి. రెండు ముఖాలా సమంగా తీసి, 6.5 మి.మీ. దగ్గర ఆపి, గాలి ఆడేలా పుల్లల మీద రెండు రోజులు ఉంచి, అప్పుడు 5.6కు దించితే వంపు పోయింది.

ఈ విడతలో పోయినవి ఐదు; మిగతా రెండిట్లో ఒకటి అక్షరం పూడుకుపోయినది (దశ 2 హద్దులు అప్పటికి లేవు), ఇంకొకటి మసి పులుముకున్నది. దాని సంగతి కింద.

పెట్టెకు చేతి నిమిషాలు, మొదటి విడత:

- చిత్రిక, కొలతకు కోత: 24
- గాడులు, మూల అతుకులు: 16
- జిగురు, బిగింపు: 9
- గరుకు కాగితం: 21
- మాస్కింగ్ అంటించడం, ఒలవడం: 8
- పూత: 10
- ప్యాకింగ్: 6
- మొత్తం: 94

ఇప్పటివరకు: చేసినవి 10, అమ్మదగినవి 5, చేతి నిమిషాలు 940. అమ్మదగిన పెట్టెకు 188.

దశ 4: మసి

లేజర్ పొగ అక్షరం చుట్టూ గోధుమరంగు నీడలా దిగుతుంది. కాగితపు మాస్కింగ్ టేపు అంటిస్తే నీడ టేపు మీదే ఆగుతుంది, నిజమే. కానీ సున్నాల లోపల, ఒత్తుల మధ్య చిట్టిచిట్టి ముక్కలు మిగిలిపోతాయి. "శ్రీనివాస్" ఒక్క పేరులో లెక్కపెడితే 11 ముక్కలు, అన్నీ సూది మొనతో ఒలవాలి. 8 నిమిషాలు అక్కడే కరిగాయి.

మాస్కింగ్ మానేసి మూడు దారులు చూశాం.

మొదటిది, పచ్చి చెక్క మీద చెక్కి, తర్వాత గరుకు కాగితం పట్టడం. అక్షరంలోని బొగ్గుపొడి నార వెంట సాగి మూతంతా బూడిద రంగు. ముందు మెత్తటి బ్రష్‌తో దులిపి, వాక్యూమ్ పెడితే తగ్గింది, పోలేదు.

రెండోది, ముందే లక్క పూత వేసి, చెక్కాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం. ఇది చదవగానే అనుభవమున్నవాళ్ళు నవ్వుతారు. లక్క కరిగేదే ఆల్కహాల్‌లో. పూత, మసి కలిసి పేస్టులా పులుముకుని నారలోకి దిగాయి. మొదటి విడతలో పోయిన మూత ఇదే.

మూడోది నిలిచింది:

1. మూతకు 180 నంబరు గరుకు కాగితం. ఇంకా పైకి పోవడం వృథా శ్రమ.
2. నీటి ఆధారిత పారదర్శక పూత, పలచగా ఒక చేయి. 24 గంటలు ఆరాలి. తడి పూత మీద లేజర్ పెట్టకూడదు.
3. చెక్కేటప్పుడు గాలి పంపు సన్నగా. కోతకు పెట్టినంత గాలి పెడితే పొగ ఒకే పక్కకు కొట్టి చార పడుతుంది.
4. నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు, గట్టిగా పిండిన బట్ట, నార వెంటే తుడుపు.
5. ఆరాక 320 నంబరుతో ఒక్కసారి అలా రాసి, రెండో పూత.

పూత మీద పడ్డ మసి పైనే ఉండిపోతుంది, తడి బట్టకు వచ్చేస్తుంది. మూతకు 8 నిమిషాల పని 3కు దిగింది, జిగ్‌లో (మూతల్ని కదలకుండా పట్టే చట్రం, దశ 5లో ఉంది) పెట్టి తీయడంతో సహా.

నూనె పూత వాడేవాళ్ళకు ఒక మాట: అవిసె నూనె గుడ్డలు ఉండలా చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. విడివిడిగా పరిచి ఆరేయాలి, లేదా నీళ్ళ డబ్బాలో ముంచాలి.

దశ 5: రెండో విడత, 12 పెట్టెలు

ఒక్కో మూతను కొలిచి మధ్యకు తేవడం మానేసి జిగ్ చేశాం: 3 మి.మీ. ప్లైవుడ్‌లో నాలుగు మూతలు కూర్చునే కిటికీలు. నాలుగు మూతల వెడల్పు 348, మధ్య పట్టీలు 8 చొప్పున ఐదు, మొత్తం 388. బల్లలో సరిపోయింది.

కిటికీ కొలత తప్పకుండా ఉండాలంటే లేజర్ కోత ఎంత చెక్క తింటుందో తెలియాలి. 100 మి.మీ. వెడల్పు దీర్ఘచతురస్రాన్ని పది పట్టీలుగా కోసి, పట్టీలన్నీ దగ్గరికి నొక్కి కొలిస్తే 98.4 వచ్చింది. లోపల తొమ్మిది పూర్తి కోతలు, రెండు చివర్లా సగం సగం, మొత్తం పది కోతల నష్టం 1.6. ఒక కోతకు 0.16 మి.మీ. ఒక్క కోతనే కాలిపర్‌తో కొలిస్తే అంకె ఎప్పుడూ తప్పే వస్తుంది. ప్లైవుడ్‌లో ఒక చోట కోత కిందికి దిగనే లేదు. లోపలి పొరలో జిగురు నింపిన అతుకు ఉంది. షీటును దీపానికి ఎదురుగా పట్టి చూస్తే అలాంటివి నల్లగా కనబడతాయి, వాటిని తప్పించి అమర్చుకోవాలి.

జిగ్ బాగుంది, మనిషే తప్పాడు. రెండు మూతలు తలకిందులుగా కూర్చున్నాయి. వేలి గాడి ఒక వైపు, పేరు ఇంకో వైపు చూస్తోంది. రెండూ వృథా. జిగ్‌లో వేలి గాడి వచ్చే చోట ఒక చిన్న మేకు దిగ్గొట్టాం. మూత తిరగబడితే ఇక కూర్చోదు. ఇలాంటి చోట "జాగ్రత్తగా ఉందాం" అనుకోవడం పనిచేయదు, మేకు పనిచేస్తుంది.

మూడో వృథా జిగురుది. మూలల్లో కక్కిన తెల్ల జిగురును తడి బట్టతో తుడిస్తే అది పలచనై నారలోకి ఇంకింది. పూత వేశాక ఆ చోట తెల్లటి మచ్చ. మార్పు: లోపలి ముఖాలకు అతుకు చోట్లు వదిలి ముందే పూత వేయడం, జిగురు కక్కితే తుడవకుండా అరగంట ఆగడం, రబ్బరులా అయ్యాక ఉలి మొనతో లేపడం. ఒకే పట్టీగా ఊడొస్తుంది. దీనితో లోపలి మూలల్లో గరుకు కాగితం పని దాదాపు పోయింది. మొత్తం 40 పెట్టెల్లో అన్నిటికంటే ఎక్కువ నిమిషాలు మిగిల్చిన మార్పు ఇదే, లేజర్‌తో దీనికి సంబంధం లేదు.

రెండో విడత: పెట్టెకు 71 నిమిషాలు, మొత్తం 852. అమ్మదగినవి 9.

ఇప్పటివరకు: చేసినవి 22, అమ్మదగినవి 14, చేతి నిమిషాలు 1792. అమ్మదగిన పెట్టెకు 128.

దశ 6: మూడో విడత, 18 పెట్టెలు

తలకిందుల మూతలు నేర్పింది ఇది: మూత పోతే పెట్టె మొత్తం పోకూడదు. పలకకు పలక నార తేడా కాబట్టి తర్వాత చేసిన మూత పాత పెట్టెకు నప్పదు. ఈసారి ప్రతి ఆరు పెట్టెలకు ఒక మూత అదనంగా, అదే పలకలోంచి కోసి నంబరు వేసి ఉంచాం. అదనపు మూతకు అయ్యే పని 9 నిమిషాలు.

ఆ మూతల్లో ఒకటి వెంటనే పనికొచ్చింది. ఫోన్లో విని రాసుకున్న పేరు "సిరీష". కావాల్సింది "శిరీష". అప్పటినుంచి నియమం: పేరు రాతలోనే తీసుకోవాలి, చెక్కబోయే బొమ్మను పంపి "ఇలాగే" అని రాతలో జవాబు వచ్చాకే యంత్రం ఆన్. పేరు పడ్డ వస్తువు ఇంకొకరికి అమ్ముడుపోదు.

14వ మూత నుంచి అక్షరాలు పాలిపోయాయి. అవే అంకెలు, అదే పలక. లేజర్ తల అడుగున ఉండే రక్షణ గాజు మీద మసి పట్టింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో తుడిస్తే నలుపు తిరిగొచ్చింది. పాలిపోయిన రెండు మూతల్ని, జిగ్‌లోంచి కదపలేదు కాబట్టి, 20 శాతం శక్తితో ఇంకోసారి నడిపి కాపాడాం. కదిపి ఉంటే అక్షరం రెండు నీడలతో వచ్చేది. ఇప్పుడు ప్రతి ఐదు గంటల లేజర్ పనికి ఒక తుడుపు. జిగ్ పక్కన తుక్కు ముక్క మీద ప్రతిసారీ ఒక 8 మి.మీ. గడి కొట్టి పాత పలకతో పోలుస్తున్నాం.

పోయిన ఒకే ఒక్క పెట్టె రౌటర్‌ది (గాడి తీసే యంత్రం). గాడి చివర బిట్ (దాని కోత ముక్క) బయటికి వచ్చే చోట పేడు లేచింది. తుక్కు చెక్కను చివర ఆనించి బిగిస్తే లేవదు. 18లో ఒక్కసారి ఆనించడం మరిచిపోయాం.

పెట్టెకు చేతి నిమిషాలు, మూడో విడత (అదనపు మూతల పనితో సహా):

- చిత్రిక, కొలతకు కోత: 13 (గోడలన్నీ ఒకే ఆపుడు కట్టెకు ఆనించి కోయడం వల్ల)
- గాడులు, అతుకులు: 9
- జిగురు, బిగింపు: 6
- గరుకు కాగితం: 9
- జిగ్, తుడుపు: 3
- పూత: 7
- ప్యాకింగ్: 5
- మొత్తం: 52

ఇప్పటివరకు: చేసినవి 40, అమ్మదగినవి 31, చేతి నిమిషాలు 2728. అమ్మదగిన పెట్టెకు 88. మూడో విడత ఒక్కటే చూస్తే 55.

దశ 7: ధర కట్టడం

1. కలప, ప్లైవుడ్, పూత ఖర్చును చేసిన పెట్టెలతో కాదు, అమ్మదగిన పెట్టెలతో భాగించాలి. 40 చేసి 31 నిలిస్తే సరుకు ఖర్చు 1.29 రెట్లు. మూడో విడత తీరులో అయితే 1.06.
2. చేతి నిమిషాలను ఎవరి గంట వెల వాళ్ళు పెట్టుకుని గుణించాలి. ఇది సున్నా వేసుకుంటే వచ్చేది రాబడి కాదు, మన కూలి మనకే అప్పు.
3. యంత్రం నిమిషాలకు కొంత. డయోడ్, గాజు, బెల్టు అరిగేవే.
4. అమ్మే వేదిక కోత 10 శాతం ఉంటే ఖర్చుకు 10 శాతం కలిపితే చాలదు. ఖర్చు 90 పాళ్ళయితే కలిపాక 99; అందులో 10 శాతం పోగా చేతికి వచ్చేది 89.1. 0.9తో భాగించాలి, అప్పుడు 100 అవుతుంది, 90 మిగులుతుంది.
5. మాటల సమయం. పై 52లో ఇది లేదు. పేరు, అక్షరాల తీరు, "ఇంకొంచెం పెద్దగా" అన్న సందేశాలకు రెండో విడతలో పెట్టెకు 14 నిమిషాలు పోయాయి. నమూనాలు మూడే ఇచ్చి ఎంచుకోమంటే 6కు దిగింది. నిజమైన లెక్క 55 + 6 = 61.

కంపెనీ గుర్తులు, సినిమా బొమ్మలు చెక్కమని అడుగుతారు. హక్కు ఉన్నవాళ్ళ అనుమతి లేకుండా ఒప్పుకోవడం లేదు.

తర్వాతి విడతకు మారుస్తున్నవి రెండు: పూత బ్రష్‌తో కాక గుడ్డతో, ఆరు మూతలకు ఒకేసారి; రౌటర్ బల్లకే ఆనుడు చెక్క మేకులతో బిగించేయడం, మరిచిపోయే వీలు లేకుండా. ఈరోజు మీటరు 11 శాతం చూపిస్తోంది, మూతలు 87.3కు కోస్తున్నాం.